“ఏదో ఒకటి” ఏ సంతలో దొరుకుతుంది?

తెలుగిళ్ళలో సాయంత్రంపూట వినబడే మాటల్లో నాకు అన్నిటికంటే ఒళ్ళు మండించేది “ఏదో ఒకటి చెయ్యి”. రాత్రికి ఏం చెయ్యను అని అడిగితే వచ్చే జవాబు అది. అనేవాడి దృష్టిలో అది మంచితనం. ఫలానాదే కావాలని పేచీ పెట్టడం లేదు, ఏం పెట్టినా తింటాను, అంతకంటే ఏం కావాలి అని. కానీ ఆమె అడిగింది అనుమతి కాదు. కాస్త నువ్వు కూడా ఆలోచించు అని అడిగింది. ఆ ఆలోచనని తిరిగి ఆమె నెత్తినే పెట్టి, పైగా సర్దుకుపోయే మనిషినని పేరు కొట్టెయ్యడం ఈ మాటలో ఉన్న గడుసుదనం.

“ఏదో ఒకటి” అనే కూర ఏ సంతలోనూ దొరకదు. అదేమిటో తేలాలంటే ఎన్ని గుర్తుండాలి! ఫ్రిజ్‌లో బెండకాయలు రేపటికి ముదిరిపోతాయి. పొద్దున పప్పు చేశాం, రాత్రికీ అదే అంటే పిల్లాడు కంచం తోసేస్తాడు. మామగారికి షుగరు, ఆయనకి రాత్రి జొన్నరొట్టె. రొట్టెలోకి ముద్దకూర ఉండాలి. ఇంటాయనకి చారు లేకపోతే ముద్ద దిగదు. శనివారమైతే అత్తగారిది ఒంటిపూట, రాత్రికి ఉప్మానో అట్టో పొయ్యాలి. మధ్యాహ్నం అన్నం మిగిలింది, పారబొయ్యడానికి చెయ్యి రాదు. రేపటికి పెరుగు ఉండాలంటే ఇప్పుడే పాలు తోడెయ్యాలి. వీటన్నిటికీ సరిపడేదాన్ని నిమిషంలో తేల్చి, మళ్ళీ నోరెత్తకుండా వండిపెడితే దాని పేరు “ఏదో ఒకటి”.

నిమిషం అన్నాను గానీ, అదీ తప్పే. మంగళవారం రాత్రి దోసెలు తినాలంటే సోమవారం పొద్దున్నే మినప్పప్పూ బియ్యమూ నానబొయ్యాలి. సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులియనివ్వాలి. తినేవాడికి పది నిమిషాల దోసె వెనక రోజున్నర ముందుచూపు ఉంది. సెనగలు కూర చెయ్యాలంటే రాత్రే గుర్తు రావాలి. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు కూడా బుర్ర వంటింట్లోనే ఉండడం అంటే ఇదే.

లెక్కలు కావాలనే వాళ్ళకి లెక్కలు కూడా ఉన్నాయి. మన దేశంలో 2019లో జాతీయ గణాంక కార్యాలయం ప్రజలు రోజంతా సమయం ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. చేసినవాళ్ళలో కూడా ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఆ సర్వేలో రోజుని అరగంట గళ్ళుగా విడగొట్టి, ఏ గడిలో ఏం చేశారో రాసుకున్నారు. ఆఫీసునుంచి వస్తూ బస్సులో నిలబడి “ఇంట్లో చింతపండు ఉందా, అయిపోయిందా” అనుకున్న అరగంట ఆ గళ్ళలో ప్రయాణం కిందికి పోతుంది. అంటే 299 కూడా చేతులు చేసిన పనికే. బుర్ర చేసినదానికి గడి లేదు.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఇల్లాలి పనికి విలువ కట్టడం గురించి మాట్లాడింది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఈ సర్వే అంకెలే ఉదహరించారు. వంట ఒక్కటే కాదు, సరుకులు సమకూర్చుకోవడం, ఖర్చు చూసుకోవడం కూడా పనేనన్నారు. మంచి మాటే. కానీ ఆ మాట రావడానికి ఒక ఇల్లాలు ప్రమాదంలో చనిపోవలసి వచ్చింది, పరిహారం ఎంతో తేల్చవలసి వచ్చింది. బతికున్న ఆడమనిషికి ఆ లెక్క ఎవరు చెబుతారు?

“మేం వంటమనిషిని పెట్టాం కదా” అనే ఇళ్ళు ఉన్నాయి. ఆ వంటమనిషి గుమ్మంలోకి వచ్చి మొదట అడిగేది “ఏం చెయ్యమంటారమ్మా?” అని. సోఫాలో ఉన్న అయ్యగారిని అడగదు. జీతమిచ్చి చేతులు తెచ్చుకోవచ్చు, బుర్ర మాత్రం అమ్మగారిదే. ఫోన్‌లో ఆర్డరు పెట్టుకోవచ్చు కదా అనేవాళ్ళకీ ఇదే జవాబు: ఎవరు ఏం తింటారో అడిగి, నలుగురికీ కుదిరేది వెతికి, ఖర్చు చూసుకుని నొక్కే వేలు ఎవరిది? ఇక “చెప్పు, ఏం చెయ్యమంటే అది చేస్తా” అనే భర్తలు. ఉల్లిపాయ సన్నగానా, పెద్దగానా? ఉప్పెంత? పోపుడబ్బా ఎక్కడ? పక్కన నిలబడి చెబుతూ ఉండాలంటే ఆమెకి రెండో పని.

ఇందులో సాహిత్యం వాటా కూడా ఉంది. విమల “వంటిల్లు” రాసి మూడు దశాబ్దాలు దాటింది. ఆ తర్వాత కూడా మన పత్రికల్లో “అమ్మ చేతి వంట” వ్యాసాలు ఆగలేదు. అమ్మ గోంగూర, అమ్మ పచ్చిపులుసు, రాత్రి వెన్నెల్లో అమ్మ కలిపిన ముద్దలు. ఎక్కువగా రాసేది మగవాళ్ళు, ఊరు వదిలి వచ్చినవాళ్ళు. ఆ వ్యాసాల్లో రుచి ఉంటుంది, వాసన ఉంటుంది, కన్నీళ్ళు కూడా ఉంటాయి. ఆ గోంగూర ఆ పూటే ఎందుకు వండింది అన్న ప్రశ్న ఉండదు. ఇంట్లో కూరలు నిండుకుని, పెరట్లో ఆకు ఒక్కటే ఉందేమో. అందరికీ వడ్డించాక ఆమె కంచంలోకి ఏం మిగిలిందో ఒక్క వాక్యం ఉండదు. “అమ్మ చేతిలో మహిమ ఉంది” అని రాసేస్తే, ఆ చేతికి పైన ఉన్న తలకాయని చూడనక్కర్లేదు. అందుకే ఆ పొగడ్త నాకు పొగడ్తలా వినబడదు.

ఆమెకి అది ఇష్టం, ప్రేమతో చేస్తుంది అంటారు. ప్రేమ ఉండొచ్చు, కాదనను. కానీ ఏడాదికి 365 రాత్రులు, ముప్పై ఏళ్ళ కాపురంలో 10,950. అన్ని రాత్రులూ ఒకే మనిషి ప్రేమించాలి, మిగతావాళ్ళు ప్రేమని తినాలి అన్నది ఎక్కడి న్యాయం?

నేను అడిగేది పెద్ద విప్లవమేం కాదు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు వారంలో రాత్రులు పంచుకోండి. ఎవరి రాత్రి వాళ్ళదే, మొత్తం వాళ్ళదే. ఏముందో చూసుకోవడం, లేనిది తెచ్చుకోవడం, నానబొయ్యడం, మామగారి రొట్టె, పిల్లాడి పేచీ, చివర్లో తోడు పెట్టడం, అన్నీ. అడక్కూడదు, చెప్పించుకోకూడదు. చారు నీళ్ళలా ఉన్నా ఫరవాలేదు, నలుగురూ తింటారు. ఆ రాత్రికి ఆమె చెయ్యవలసింది ఒక్కటే: ఏం పెట్టారో కంచం ముందు కూర్చున్నాక తెలుసుకోవడం. ఆ సుఖం ఇన్నేళ్ళుగా మీరు అనుభవిస్తూనే ఉన్నారు. అదేం పెద్ద కోరిక కాదని మీకూ తెలుసు.