వీరాపురం కొంగలకూ ఒక రిజిస్టరు

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ వన్యప్రాణి విభాగానికి బహిరంగ లేఖ

విషయం: శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగల రాక, పిల్లల పుట్టుక, గూళ్ల చెట్ల నమోదు గురించి.

లేపాక్షి నందీశ్వరుడి దగ్గర నుంచి అరగంట దారిలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న చిన్న పల్లె వీరాపురం. చలి ముదిరే రోజుల్లో ఈ ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక వానలు పట్టే వేళకు గుంపులు గుంపులుగా ఊరు విడుస్తాయి. ఇక్కడ కంచె లేదు, టికెట్టు లేదు, బోను లేదు. అయినా జంతుప్రదర్శనశాలల నుంచి వార్తలుగా వచ్చేవన్నీ, అంటే కొత్త ప్రాణుల రాక, పిల్లల పుట్టుక, ఉండే చోటులో మార్పు, ఇక్కడ ఏటేటా జరుగుతూనే ఉన్నాయి. జూలో అయితే వాటిలో ప్రతిదీ రిజిస్టరుకెక్కుతుంది. వీరాపురం సంగతి బయటివాళ్లకు తెలిసేది పత్రికలో పడ్డ ఒక ఫొటో ద్వారానో, "పోయినేడు తగ్గినాయి, ఈ యేడు బాగానే వచ్చినాయి" అన్న ఊరివాళ్ల మాట ద్వారానో.

మొదట పేరు సంగతి. చుట్టుపక్కల వీటిని సైబీరియా కొంగలంటారు. పత్రికలూ చాలాసార్లు అదే రాస్తాయి. ఇది పొరపాటు. శాస్త్రీయంగా ఈ పక్షి మిక్టీరియా ల్యూకోసెఫాలా, ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్. భారత్, శ్రీలంక మొదలు ఆగ్నేయాసియా దాకా దీని నివాసం. సైబీరియా మొహం ఇది ఎన్నడూ చూడలేదు. సైబీరియా కొంగ అనదగ్గది వేరే ఉంది. ఒకప్పుడు చలికాలానికి భరత్‌పూర్ వచ్చే ఆ తెల్లటి పక్షి 2002 తర్వాత మన దేశంలో కనిపించలేదు. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి దక్షిణాది చెరువులకు వచ్చే, తలమీద రెండు నల్లపట్టీలుండే బాతులు అసలైన దూరదేశపు వలసపక్షులు. అవి ఇక్కడ చలి గడుపుకుని పోతాయి తప్ప గూడు కట్టవు. ఎర్రకాళ్ల కొంగ గుడ్డు పెట్టేదే ఇక్కడ. అందుకే దీన్ని విదేశీ అతిథి అనడానికి లేదు. అతిథి అన్నాక, వస్తే చూసి సంతోషించడం, రాకపోతే ఊరుకోవడమే మిగులుతుంది. కొంగలు గూళ్లు కట్టే ఊళ్లలో పెద్దలు వీటిని పురిటికొచ్చిన ఆడబిడ్డలంటారు. సైబీరియా అన్న మాట కంటే ఆ మాటే శాస్త్రానికి దగ్గర.

నిలబడితే దాదాపు మీటరు ఎత్తుండే పక్షి ఇది. రెక్కలు చాస్తే మీటరున్నర. ఒళ్లు తెలుపు, రొమ్ము మీద అడ్డంగా నల్లపట్టీ, కొన దగ్గర కిందికి వంగిన పొడుగాటి పసుపు ముక్కు, గూళ్ల కాలంలో ఎరుపెక్కే బోడితల. తోక దగ్గరికి వాలే ఈకల గులాబీ రంగు చూసే ఇంగ్లీషువాళ్లు దీన్ని రంగులద్దిన కొంగ అన్నారు. వేటంతా స్పర్శతోనే. లోతు లేని నీళ్లలో ముక్కు సగం తెరిచి అటూ ఇటూ తిప్పుతూ, కాలితో అడుగు కెలుకుతూ నడుస్తుంది. చేప తగలగానే ముక్కు మూస్తుంది. పెద్దకొంగ అరవదు, ముక్కు టకటకలాడించి ఊరుకుంటుంది. చెట్ల మీంచి పగలూ రాత్రీ వినిపించే గోలంతా పిల్లలదే.

ఈ పక్షికీ జూకీ మధ్య ఒక విచిత్రమైన బంధుత్వం ఉంది. ఢిల్లీ జంతుప్రదర్శనశాలను 1959లో తెరిచారు. మరుసటి ఏడాది నుంచే అడవి ఎర్రకాళ్ల కొంగలు వాటంతట అవే వచ్చి, ఆ జూ చెరువుల మధ్యనున్న దిబ్బల మీద, మన వైపు కంపచెట్టు అనే సర్కారు తుమ్మల మీద, గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. ఎవరూ కొని తెచ్చినవి కావు, ఎవరూ బోనులో పెట్టినవీ కావు. అయినా కళ్లెదుటే ఉన్నాయి కనుక వాటిని లెక్కించేవాళ్లు దొరికారు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. ఉర్ఫీ ఏళ్ల తరబడి వాటిని గమనించి, 2011లో ఈ ఒక్క పక్షి మీదే పుస్తకం వెలువరించారు. ఢిల్లీలో గూళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. వీరాపురంలోనూ, కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులోనూ చలికాలంలో మొదలవుతాయి. ఒకే పక్షికి రెండు పంచాంగాలు ఉండటానికి కారణం చేప. వానలకు నిండిన చెరువు మెల్లగా తగ్గుతూ, చేపలు గట్టు దగ్గరి తక్కువ నీళ్లలో చిక్కే సమయానికి పిల్లలు గూట్లో ఉండాలి. రాయలసీమలో చెరువులు నిండేది సెప్టెంబరు, అక్టోబరు వానలకు. దాన్నిబట్టే ఇక్కడి పురుళ్లు.

గూడంటే పుల్లల తట్ట. ఒక్కో చెట్టు మీద పదుల గూళ్లు ఉంటాయి. గూటికి రెండు నుంచి ఐదు గుడ్లు. పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. తల్లీ తండ్రీ వంతులేసుకుని జానెడు లోపు చేపలు మింగి తెచ్చి గూట్లో కక్కుతాయి. మార్చి దాటాక ఈ వైపు ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ మిట్టమధ్యాహ్నాల్లో పెద్దకొంగ గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి, పిల్లల మీద గొడుగు పడుతుంది. పెట్టిన గుడ్లన్నీ పిల్లలు కావు, పొదిగిన పిల్లలన్నీ ఎగరవు. గాలికి గూళ్లు కూలతాయి, తోపులాటలో పిల్లలు జారిపడతాయి, నీళ్లు ఎండిన ఏడు తిండి చాలక చిన్నది చనిపోతుంది. ఇందులో ఎంత ప్రకృతి సహజమో, ఎంత మనుషులు ఆపగలిగిందో తేలాలంటే గూళ్లెన్ని, పిల్లలెన్ని, ఎగిరినవెన్ని, పడినవెన్ని అన్న నాలుగు అంకెలు ఏటేటా కావాలి.

జూల విషయంలో చట్టం ఈ అంకెలు అడుగుతుంది. 1992లో ఏర్పడిన సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు పొందిన ప్రతి జూ ఏటా జంతువుల లెక్క పంపాలి. ఎన్ని పుట్టాయి, ఎన్ని బయటి నుంచి వచ్చాయి, ఎన్ని ఇచ్చేశారు, ఎన్ని చనిపోయాయి అన్నదంతా అందులో ఉండాలి. చనిపోయిన ప్రతి జంతువుకూ శవపరీక్ష చేయాలి. తిరుపతి శ్రీవేంకటేశ్వర జూలో ఒక కొంగపిల్ల పుడితే అది కాగితం మీదికి వస్తుంది. వీరాపురం చింతచెట్టు మీద పుట్టిన పిల్లను ఏ నిబంధనా లెక్క అడగదు. అడవి పక్షి కదా అనవచ్చు. కానీ అడవి పక్షికి కాపలా పెట్టడం, పడిపోయిన పిల్లను ఎత్తుకోవడం, తాగునీళ్ల తొట్టి కట్టడం అన్నీ శాఖ పనులే అయినప్పుడు, ఆ పనుల ఫలితాన్ని లెక్కగట్టడం మాత్రం ఎందుకు కాకూడదు?

ఇక ఆవాసం. వీరాపురం కొంగలకు ఎన్‌క్లోజర్ అంటే ఊరి మధ్య చింతచెట్లే. వీటిలో చాలావాటికి యజమానులున్నారు. చింతపండు రాలే కాలమూ, కొంగలు గూట్లో ఉండే కాలమూ ఒకటే. గూళ్లున్న చెట్టెక్కి కొమ్మలు దులిపితే పిల్లలు దక్కవు, దులపకపోతే పండు దక్కదు. దీనికి తోడు రెట్ట. నెలల తరబడి పడే రెట్టకు ఆకులు మాడతాయి, కొమ్మలు ఎండుతాయి. ముసలి చెట్టు త్వరగా పడిపోతుంది. ఇంటి ముందు కుళ్లిన చేపల వాసన సరేసరి. పక్షులంటే ప్రేమ ఉన్నంత మాత్రాన ఈ నష్టం మాయం కాదు, దాన్ని ఒక ఊరు మౌనంగా భరిస్తుంది, అంతే. మండ్య జిల్లాలోని కొక్కరె బెళ్లూరులో 1976లో అటవీ అధికారి ఎస్.జి. నెగిన్‌హాళ్ ఆ కొంగల ఊరిని వెలుగులోకి తెచ్చాక, గూళ్లున్న చెట్ల యజమానులకు అక్కడి అటవీ శాఖ పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెట్లు చాలక చెరువులో ఇనుప చెట్లు నిలబెట్టారు, పక్షులు వాటినీ ఒప్పుకున్నాయి. ఇనుప చెట్టు అవసరానికి పనికొస్తుంది కానీ, ఏప్రిల్ ఎండలో ఇనుము ఎలా కాలుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. వీరాపురానికి కావలసింది చింతమొక్కలు. గూళ్లు మోసే చెట్టు కావడానికి చింతకు దశాబ్దాలు పడుతుంది కనుక, ఇప్పటి చెట్లు పడిపోకముందే నాటాలి. రిజిస్టరులో చెట్టుకో నంబరు, ఏటా దాని మీది గూళ్ల సంఖ్య ఉంటే ఏ చెట్టు అలసిపోతోందో, ఎవరికి పరిహారం రావాలో వాదన లేకుండా తేలుతుంది.

నీళ్ల సంగతి చెట్లకంటే క్లిష్టం. పాత అనంతపురం జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఇది ఒకటి. ఆ వాన తప్పిన ఏడు చెరువు ఎండుతుంది, చెరువు ఎండిన ఏడు గూళ్లు పలచబడతాయి. హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చాక ఈ ప్రాంతానికి కొంత ఊరట. అయితే చెరువు అంచులదాకా నిండినంత మాత్రాన కొంగకు తిండి దొరకదు. అది మోకాలు దాటని నీళ్లలోనే వేటాడుతుంది. కాబట్టి కొంగలు మేసే చెరువుల్లో ఒకటి రెండింటినైనా జనవరి నుంచి మే దాకా పూర్తిగా తోడకుండా, పూర్తిగా నింపకుండా ఉంచే ఏర్పాటు కావాలి. వాటిలో నాటు చేపపిల్లలు వదలాలి. ఇది ఒక్క అటవీ శాఖ చేతిలో లేదు. జలవనరుల శాఖ, మత్స్యశాఖ, పంచాయతీ కలిసి కూర్చుంటే తప్ప కాదు.

నీళ్లతో పాటే జబ్బు. 2017 చివర్లో, 2018 మొదట్లో కొక్కరె బెళ్లూరులో గూడబాతులు వరసగా చనిపోయినప్పుడు, కారణం చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులని తేలింది. 2016 అక్టోబరులోనూ, 2025 ఆగస్టులోనూ ఢిల్లీ జూలో ఎర్రకాళ్ల కొంగలు బర్డ్ ఫ్లూతో చనిపోతే జూనే మూసేశారు. అదే 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలను అదే జబ్బు తాకింది. చెట్టు కింద పడిన కొంగ ఎండదెబ్బకు పోయిందా, నులిపురుగులతోనా, వైరస్‌తోనా అన్నది కంటితో చూసి చెప్పగలిగేది కాదు. కోళ్లూ పిల్లలూ తిరిగే ఊరి నడిమధ్య అది పడుతుంది కనుక, చనిపోయిన పక్షిని పూడ్చేముందు పశువైద్యుడు చూడటం కొంగల కోసమే కాదు, ఊరి కోసం కూడా.

బతికి పడిన పిల్లలది ఇంకో సమస్య. తిరుపతి జూ రెండు వందల కిలోమీటర్లకు పైనే. బన్నేరుఘట్ట జూ దగ్గరే అయినా పక్క రాష్ట్రం. అంత దూరం మోసుకుపోయిన పిల్ల మళ్లీ తన గుంపులోకి రావడం అరుదు. కొక్కరె బెళ్లూరులో హెజ్జార్లె బళగ అనే ఊరి యువకుల బృందం, మైసూరు పక్షి ప్రేమికులతో కలిసి, పడిన పిల్లల్ని ఊళ్లోనే ఒక దడిలో ఉంచి, చేపలు పెట్టి పెంచి, రెక్కలొచ్చాక అక్కడి నుంచే వదిలేది. పెద్ద ఖర్చేమీ లేని పద్ధతి. వీరాపురంలో ఒక తడికెల పాక, ఒక నీటితొట్టి, శిక్షణ పొందిన ఇద్దరు ఊరి యువకులు ఉంటే చాలు.

ఇవన్నీ నిలకడగా సాగాలంటే చట్టంలో చోటు ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ కమ్యూనిటీ రిజర్వ్ అనే ఏర్పాటును తెచ్చింది. ప్రజల సొంత భూముల్లో, ప్రజలే కాపాడుతున్న ప్రాణుల కోసం ఇది. నిర్వహణ సంఘంలో ఎక్కువమంది పంచాయతీ పంపినవాళ్లే ఉంటారు. అటవీ శాఖ నుంచి ఒకరుంటారు. భూమి యజమానిదిగానే ఉంటుంది. కొక్కరె బెళ్లూరుకు 2007లో ఈ హోదా దక్కింది. వీరాపురం గ్రామసభ ఇష్టపడితే ఆ దారి పరిశీలించదగ్గది. ఊరిని ఒప్పించకుండా పైనుంచి ప్రకటిస్తే మాత్రం చింతచెట్లకు గొడ్డలి పడే ప్రమాదం ఉంది.

హోదాకు కాలం పడుతుంది, రిజిస్టరుకు పట్టదు. ఒక నోటుపుస్తకం, చెట్లకు నంబర్లు, వారానికొకసారి లెక్క, ఆ లెక్కను పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయడం. ఇందుకు కొత్త జీవో కూడా అక్కర్లేదు. కొంగలు పుల్లలు ఏరడం డిసెంబరు, జనవరుల్లో మొదలుపెడతాయి. మొదటి పేజీ అప్పటికి గీసి సిద్ధంగా ఉంచాలని అటవీ శాఖకు విజ్ఞప్తి.