రేవు విడువక ముందే

'బక్షీసు' అనే మాట మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. పారసీక మూలం గల ఆ మాటను ఈజిప్టు దేశంలో అడుగడుగునా వినవచ్చు. అయితే ఎవరికి, ఎప్పుడు, ఏ తీరున ఇవ్వాలో తెలియకపోతే ఆ ఇవ్వడం కృతజ్ఞత అనిపించుకోదు. ఈ సంగతి నాకు నా పొరపాటు వల్లనే బోధపడింది.

కువైట్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు రెండేళ్ల క్రితం తన కుటుంబంతోపాటు మా దంపతులను కూడా ఈజిప్టు యాత్రకు తీసుకువెళ్లాడు. లక్సర్ నుండి అస్వాన్ వరకు నైలు నదిపై సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం. బస, భోజనం అన్నీ ఓడలోనే. ఓడ ఆగిన ప్రతి చోటా స్థానిక గైడు ఒకరు వచ్చి, అక్కడి చారిత్రక కట్టడాలు చూపించి, తిరిగి ఓడ దగ్గర దిగబెట్టేవారు.

లక్సర్‌లో మాకు దారి చూపిన పెద్దమనిషి నా ఈడువాడే. మోకాళ్ల నొప్పితో వెనుకబడుతున్న నా భార్య కోసం ఆయన అందరినీ నెమ్మదిగా నడిపించారు. నీడపట్టున ఆపి, ఎక్కడి నుండో కుర్చీ తెచ్చి వేశారు. గ్రంథాలలో నేర్చిన అరబీలో నేను అడిగిన ప్రశ్నలకు చిరునవ్వుతో, నాకు అర్థమయ్యే మాటలలోనే బదులిచ్చారు. పురాతన ఆలయ స్తంభాల నడుమ నిలిచి ఉన్న అబుల్ హజ్జాజ్ మస్జిదును చూపి, దాని పాత ద్వారం నేలకు అంత ఎత్తున ఎందుకు ఉందో వివరించారు. మస్జిదు కట్టిన నాటికి ఆలయం చాలా వరకు మట్టిలో పూడుకుపోయి ఉండేదట. ఆనాటి నేల మట్టం ఆ గడప దాకా ఉండేది. తరువాతి కాలంలో తవ్వి మట్టి తీసివేయగా ద్వారం పైనే నిలిచిపోయింది. ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న నేను ఆ పూట ఒక మంచి ఉపాధ్యాయుని ముందు విద్యార్థినయ్యాను. మగ్రిబ్ నమాజు అక్కడే చేసుకున్నాము.

ఓడ బయలుదేరే వేళ దగ్గర పడడంతో రేవులో అందరం హడావిడిగా మెట్లెక్కాము. వెనుదిరిగి చూస్తే ఆయన గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నారు. నేనూ ఊపాను. అంతే.

చివరి రాత్రి అస్వాన్‌లో ఓడ సిబ్బంది గదికొక కవరు ఇచ్చి, బక్షీసు అందులో ఉంచి కౌంటరు దగ్గరి పెట్టెలో వేయమన్నారు. అప్పుడు నా భార్య, "ఏమండీ, లక్సర్ గైడుగారికి ఏమైనా ఇచ్చారా?" అని అడిగింది. తమ్ముడు ఇచ్చి ఉంటాడని నేను, భాయీజాన్ ఇచ్చి ఉంటారని తమ్ముడు అనుకున్నాము. పెట్టెలో వేసినది ఆయనకూ చేరుతుందేమోనని విచారించాము. అది వంటవారికి, గదులు శుభ్రపరిచేవారికి, ఇతర ఓడ పనివారికి మాత్రమేనని తేలింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడన్న దైవప్రవక్త (స) బోధను నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. క్రీ.శ. 622లో మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన వేళ ఆయన, హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి తెలిసిన అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. అయినా తమ ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు తీసుకురమ్మన్నారు. దారి చూపేవాని విద్యకు గౌరవం, శ్రమకు ప్రతిఫలం, మనిషిపై నమ్మకం మూడూ ఆ ఉదంతంలో ఉన్నాయి. ఆ పాఠం చెప్పే నేనే నాకు దారి చూపిన మనిషిని ఉత్త చేతులతో పంపాను.

ఓడలోని పనివారు మనకు రోజూ కనిపిస్తారు. ఈరోజు మరిచినా రేపు ఇవ్వవచ్చు. రేవులోని గైడు అలా కాదు. ఓడ కదిలిందంటే ఆయన మళ్లీ ఎదురుపడడు. అందుచేత యాత్రకు వెళ్లే కుటుంబాలు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఎవరు ఇవ్వాలో ఉదయమే నిర్ణయించుకోవాలి. ఎంత ఇవ్వడం అక్కడి ఆనవాయితీయో యాత్ర ఏర్పాటు చేసినవారిని ముందే అడగాలి. ఆ దేశపు చిన్న నోట్లు కవరులో సిద్ధంగా ఉంచుకోవాలి. పరాయి దేశపు నాణేలను బ్యాంకులు మార్చి ఇవ్వవు కనుక అవి ఇచ్చి లాభం లేదు. డ్రైవరును, పడవవానిని మరువరాదు. పదిమందిలో ప్రదర్శనగా కాక పక్కకు పిలిచి, పేరు పెట్టి పలకరించి, ఆయన చెప్పిన వాటిలో మన మనసుకు నచ్చినదేమిటో ఒక్క మాట చెప్పి చేతికివ్వాలి. పని ఇచ్చిన సంస్థకు ఆయన పేరుతో నాలుగు మంచి మాటలు రాసి పంపితే అది రేపటి ఉపాధికి తోడ్పడుతుంది. స్తోమత లేనివారు మనసారా దుఆ చేసినా అది కృతజ్ఞతే. స్తోమత ఉండి నోటి మాటతో సరిపెట్టడం మాత్రం తగదు.

ఇంకొక మాట. కాపలావాడు కట్టిన తాడును తొలగించి, ప్రవేశం లేని చోటికి తీసుకువెళతానంటూ చెయ్యి చాపితే, అతనికి ఇచ్చేది బక్షీసు కాదు, లంచం. చేసిన మేలుకు సంతోషంతో ఇచ్చేది వేరు, చేయకూడని పనికి ధర కట్టడం వేరు. ఈ భేదాన్ని పిల్లలకు అక్కడికక్కడే చెప్పాలి.

మరునాడు ఏజెంటు ద్వారా ఆయనకు ఒక కవరు, క్షమాపణ కోరుతూ నా చేతిరాతలో ఒక ఉత్తరం పంపాము. వారం తరువాత ఫోనులో ఆయన గొంతు వినిపించింది. డబ్బు సంగతి ఒక్క మాటతో ముగించి, "మీ ఇంటావిడ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను.

మేలు చేసినవారిని వారి ఎదుటనే గుర్తించే మనసును అల్లాహ్ మనకూ, మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.