ఆప్యాయత సరే, గంటల పట్టిక ఏదీ?

విద్యార్థి వీసా మీద జర్మనీ వెళ్లాలంటే ఏడాది ఖర్చుల కోసం దాదాపు 12 వేల యూరోలు ముందుగానే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి. ఓపేర్‌గా వెళ్లేవారికి ఆ బెడద లేదు. అక్కడి కుటుంబం ఇంట్లోనే ఉంటూ, వాళ్ల పిల్లలను చూసుకుంటూ, చిన్నాచితకా ఇంటిపనిలో చెయ్యి వేస్తూ, భాష నేర్చుకునే ఏర్పాటు ఇది. 18 నిండి, 27 రాని యువతీయువకులు ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. తిండి, సొంత గది, బీమా ఆ కుటుంబమే చూసుకుంటుంది. నెలకు 280 యూరోల చేతిఖర్చు, భాషా తరగతులకు మరో 70 యూరోలు ఇస్తుంది. ఆరు నెలలకు తగ్గకుండా, ఏడాదికి మించకుండా, జీవితంలో ఒక్కసారే దక్కే అవకాశం. డిగ్రీ చేతికొచ్చి ముందుదారి తేలని పిల్లలకు ఇది ఆకర్షణీయంగా కనిపించడంలో వింత లేదు. అయితే ప్రయాణానికి సిద్ధం కావడమంటే చలికోట్లు, పచ్చళ్లు, వీసా ఇంటర్వ్యూ ప్రశ్నలు అనుకుంటే పొరపాటు. చుట్టంలా కాకుండా, షరతులు మాట్లాడుకుని పనికి వెళ్లే మనిషిలా బయల్దేరడమే అసలు సన్నాహం.

ఎందుకంటే ఓపేర్ చట్టం దృష్టిలో అటూ ఇటూ కాని మనిషి. 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన యూరప్ ఒడంబడికే వీరిని విద్యార్థులుగానూ, కార్మికులుగానూ కాక, రెండు లక్షణాలూ కలిసిన ప్రత్యేక వర్గంగా చూసింది. దానిపై సంతకం చేసినా ఆమోదముద్ర వేయని జర్మనీ సొంత నియమాలు పెట్టుకుంది. రోజుకు 6 గంటలు, వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికి కనీసం ఒకటిన్నర రోజు సెలవు, నాలుగు సాయంత్రాలు ఖాళీ, ఏడాదికి నాలుగు వారాల విశ్రాంతి ఇవ్వాలి. కార్మికులు కారు కాబట్టి కనీస వేతనం మాత్రం వర్తించదు. వారానికి 30 గంటల చొప్పున నెలకు సుమారు 130 గంటలు. 280 యూరోలను వాటితో భాగిస్తే గంటకు రెండు యూరోల పైచిల్లర. అక్కడ గంటకు కనీస వేతనం 12 యూరోలకు పైనే. తిండీ గదీ కలిపి చూసినా ఈ ఏర్పాటును న్యాయంగా నిలబెట్టేది డబ్బు కాదు, భాషకూ చదువుకూ మిగిలే తీరిక. ఓపేర్‌కు అసలు జీతం ఆ తీరికే. దాన్ని ఎవరైనా కొంచెం కొంచెంగా కొరుక్కు తింటే ఇక మిగిలేది కారుచౌక చాకిరీ.

ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలో 1986లో మొదలైన ఓపేర్ పథకంలో వారానికి 45 గంటల పనికి 195.75 డాలర్ల కనీస భత్యం ఉండేది. ఓపేర్లను కుదిర్చే సంస్థలన్నీ కుమ్మక్కై ఆ కనీసాన్నే గరిష్ఠంగా మార్చేశాయని కొందరు ఓపేర్లు కోర్టుకెక్కారు. 2019లో ఆ సంస్థలు 6.55 కోట్ల డాలర్లు చెల్లించేలా రాజీ కుదిరింది. వేధింపుల ఫిర్యాదులు పెరగడంతో ఫిలిప్పీన్స్ 1998లో తన పౌరులు ఓపేర్లుగా యూరప్ వెళ్లడాన్ని నిషేధించింది. 2010 నుంచి మెల్లగా సడలించింది. దోపిడీపై ఏళ్ల తరబడి చర్చ నడిచాక నార్వే 2024లో యూరప్ వెలుపలి దేశాలవారికి ఈ దారి మూసేసింది. దేశాలు వేరు, చట్టాలు వేరు. గొడవ పుట్టిన చోటు మాత్రం ఒకటే: ఎంతవరకు ఇంటి మనిషి, ఎక్కడినుంచి పని మనిషి అన్న గీత ఎవరూ గీయకపోవడం.

ఆ గీత గీయాల్సింది ఒప్పందంలో. వీసాకు ఒప్పందపత్రం ఎలాగూ కావాలి కనుక చాలామంది దాన్ని లాంఛనంగా చూస్తారు. నిజానికి ప్రతి గంటకూ లెక్క అందులోనే తేలాలి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ పూట ఏ పని, భాషా తరగతి ఏ రోజుల్లో, తల్లిదండ్రులు రాత్రి బయటికెళ్తే పిల్లలకు కాపలా ఉన్న సమయం 30 గంటల్లోకి వస్తుందా లేదా అన్నది రాసుకోవాలి. పిల్లల బట్టలు ఉతకడం, తేలికపాటి వంట ఓపేర్ పనులే. ఇంట్లోని వృద్ధులకు, రోగులకు సేవ చేయడం కాదు. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఓపేర్‌తో మాట్లాడించమని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

భాష సంగతీ అంతే ముఖ్యం. వీసాకు ఏ1 స్థాయి జర్మన్ చాలు. కానీ ఏ1తో పేరూ ఊరూ చెప్పుకోగలం, రొట్టె కొనుక్కోగలం. ‘ఈ వారం నా గంటలు అయిపోయాయి’ అని నొప్పించకుండా చెప్పడానికి అది సరిపోదు. హైదరాబాద్‌లోని గోథే జెంట్రమ్ లాంటి చోట మరికొన్ని నెలలు కూర్చుని ఏ2 దాటి వెళ్లడం ఖర్చే, కానీ దండగ ఖర్చు కాదు. తర్వాత అక్కడే ఆస్‌బిల్డుంగ్ అనే వృత్తి శిక్షణలో చేరాలనుకునేవారిని సాధారణంగా బీ1 అడుగుతారు. ఏ1తో దిగి, ఏడాదిలో బీ1 అందుకోవడం పని వేళలు కచ్చితంగా ఉన్న ఇంట్లోనే సాధ్యం.

‘ఇలా గంటలు లెక్కపెడితే ఆప్యాయత ఎలా పుడుతుంది? ఇది సాంస్కృతిక మార్పిడి కదా’ అని ఒక అభ్యంతరం. అరమరికల్లేని ఇళ్లు చాలా ఉంటాయి, కాదనలేం. అయితే లెక్క తేలిన చోట చేసే అదనపు సాయమే ఆప్యాయత అవుతుంది. లెక్క తేలని చోట అది ఎప్పుడు బాధ్యతగా మారిందో ఇద్దరికీ తెలియదు. పైగా ఆ ఇంటివారికి ఇల్లు, ఉద్యోగం, భాష, పోలీసు అన్నీ సొంత ఊళ్లోనే ఉన్నాయి. వచ్చిన పిల్లకు ఉన్నది ఒక సూట్‌కేసు, ఆ కుటుంబంతో ముడిపడిన నివాస అనుమతి. ఇంత తేడా ఉన్నచోట నోటిమాట బలవంతుడికే పనికొస్తుంది.

‘ఎంత చెప్పినా పనిమనిషి పనే, అసలు పంపడమెందుకు’ అనేది రెండో మాట. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లి అగచాట్లు పడిన మహిళల కథలు కడప, గోదావరి జిల్లాలకు తెలుసు కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ఆ అనుభవాల వల్లే ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు ఉన్న 30 ఏళ్లలోపు మహిళలు ఇంటిపని కోసం గల్ఫ్ దేశాలకు వెళ్లకుండా మన ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. జర్మనీ ఆ ఆంక్షలున్న దేశాల్లో లేదు కనుక ఓపేర్ ఒప్పందాన్ని మన వైపు నుంచి తనిఖీ చేసేవారు లేరు. దానికి విరుగుడు నిషేధం కాదు. ఫిలిప్పీన్స్ నిషేధించిన కాలంలోనూ ఆ దేశపు యువతులు యూరప్ చేరుతూనే ఉన్నారు, అధికారిక రక్షణ లేకుండా.

‘ఏజెన్సీ అంతా చూసుకుంటుంది’ అనేది మూడోది. జర్మనీలో ఓపేర్ ఏజెన్సీ పెట్టడానికి 2002 నుంచి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. ‘రాల్’ నాణ్యతా ముద్ర ఉంది కానీ దాన్ని తీసుకోవడం స్వచ్ఛందం. ఆ ముద్ర ఉందో లేదో చూసుకోవడం మన పనే. జర్మనీలో స్థిరపడిన తెలుగు దంపతుల ఇంటికే ఓపేర్‌గా పంపిస్తామని ఎవరైనా నమ్మబలికితే అక్కడే ఆగాలి. ఇంట్లో జర్మన్ మాట్లాడినా, అది మాతృభాష కాని కుటుంబం తమ సొంత దేశం నుంచి ఓపేర్‌ను తెచ్చుకోవడానికి నియమాలు ఒప్పుకోవు.

బయటపడే దారి కూడా సన్నాహంలో భాగమే. సాధారణంగా రెండు వారాల ముందు చెప్పి ఒప్పందం ముగించుకోవచ్చు. విదేశీయుల కార్యాలయానికి తెలియజేసి మిగిలిన కాలానికి మరో కుటుంబాన్ని వెతుక్కోవచ్చు. హింసకు గురైన మహిళల కోసం 116016 నంబరు రాత్రింబవళ్లు, అనేక భాషల్లో పనిచేస్తుంది. విమాన ఖర్చు మామూలుగా ఓపేర్‌దే కాబట్టి తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు ఆమె సొంత ఖాతాలోనే ఉండాలి. ఇక ప్రభుత్వాల వంతు. విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్, ప్రవాసుల బాగోగులు చూసే ఏపీఎన్‌ఆర్‌టీఎస్ సంస్థలు జర్మన్ ఒప్పందానికి తెలుగు నమూనా తయారుచేసి, వెళ్లేవారి పత్రాలను ఉచితంగా పరిశీలించి చెప్పవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ సాయం అందేలోపు తల్లిదండ్రులు చేయగల పరీక్ష ఒకటుంది: సంతకానికి ముందు వారం రోజుల గంటల పట్టిక రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడానికి నసిగే కుటుంబం ఫోన్‌లో ఎంత తీయగా మాట్లాడినా, ఆ ఇంటికి పిల్లను పంపకండి.