అవ్వకు కావలసింది సగం కిటికీ

మా ఇంట్లో అవ్వతో తెలుగు, అమ్మతో తమిళం. మెత్తని ఎండను అవ్వ 'నీరెండ' అంటుంది, అమ్మ 'ఇళవెయిల్' అంటుంది. ఎండలో మెట్లుంటాయని రెండు భాషలకూ తెలుసు. పోయిన వేసవిలో మా హాలు కిటికీకి వచ్చిన మోటారు తెరకు మాత్రం తెలియదు. దానికి వచ్చినవి రెండే: పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి.

మా ఇల్లు పెరంబూరులో, రెండో అంతస్తు. కిటికీ పడమటివైపు. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగా అవ్వ కుర్చీ మీదికి వస్తుంది. ఇన్నాళ్ళూ అక్కడ వెదురు తడిక ఉండేది. అవ్వ తాడు లాగి, తనకు కావలసిన ఎత్తులో ఆపి, మేకుకు చుట్టేది. ఒకరోజు జానెడు తెరిచేది, ఒకరోజు మూరెడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఎండ మొహాన పడితే ఆమె తట్టుకోలేదు. కానీ వీధి కనపడాలి. నాలుగింటికి పూలమ్మే ఆమె వస్తుంది, స్కూలు పిల్లల ఆటోలు వస్తాయి. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని మనిషికి ఆ కిటికీయే వీధి.

అవ్వకు భుజం నొప్పి వచ్చి తాడు లాగలేకపోతుంటే నాన్న మోటారు తెర వేయించారు. అది తప్పని నేను అనను. తాళ్ళ తెరలతో వేరే ప్రమాదమూ ఉంది. తాడు మెడకు చుట్టుకుని చిన్నపిల్లల ప్రాణాలు పోయినందుకే, అమెరికాలో 2018 చివరి నుంచి దుకాణాల్లో సిద్ధంగా అమ్మే తెరలకు పిల్లలకు అందేలా పొడుగు తాళ్ళు వేలాడకూడదని ప్రమాణం పెట్టారు. కాబట్టి మోటారు రావడం మంచిదే. నా గొడవ మోటారుతో కాదు, దాన్ని నడిపే బొత్తాలతో.

తెర చుట్టుకునే గొట్టం లోపలే మోటారు ఉంటుంది. బిగించిన అతను పై హద్దు, కింది హద్దు పెట్టి, రిమోట్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. దానికి మూడు బొత్తాలు: పైకి, ఆపు, కిందికి. సగంలో నిలపాలంటే తెర కదులుతుండగా సరిగ్గా ఆ క్షణంలో నడిమి బొత్తాం నొక్కాలి. అవ్వ వేలు అక్కడికి చేరేలోపు తెర దాటిపోతుంది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. రెండు రోజులు చూసి వదిలేసింది. "యాప్‌లో ఎంత శాతం కావాలంటే అంత పెట్టుకోవచ్చు" అన్నాడు మా అన్న. ఆ యాప్ ఉన్నది వాడి ఫోనులో. వాడు ఉండేది ఆఫీసులో.

ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అవ్వ చీకట్లో కూర్చుని ఉంది. ఎండకు తెర దించిందట, తర్వాత కరెంటు పోయింది. చేత్తో ఎత్తుదామంటే మోటారులోని బ్రేకు తెరను కదలనివ్వదు. "ఏమవ్వా, ఇట్లా కూర్చున్నావు?" అంటే, "నా చేతిలో ఏముందే పాపా" అంది.

ఆ రాత్రి అట్టపెట్టెలోంచి కాగితం తీసి చదివాను. చీమతలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. చదివితే తెలిసిందేమిటంటే, ఒక నడిమి ఎత్తును గుర్తుపెట్టుకునే ఏర్పాటు మా మోటారులో మొదటినుంచీ ఉంది. తెరను కావలసిన చోట ఆపి, బొత్తాం కాసేపు నొక్కిపట్టాలి. తర్వాత ఎప్పుడైనా ఆగి ఉన్న తెరకు నడిమి బొత్తాం నొక్కితే అది అక్కడికే వస్తుంది. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంకా, ఇంకొంచెం" అనిపించుకుంటూ ఆ ఎత్తు పెట్టాను. వేలికి తగిలేలా ఆ బొత్తాం మీద నా స్టిక్కర్ బొట్టు అంటించాను. అంటే మోటారుకు సగం తెలుసు. కుర్చీలో కూర్చునే మనిషిని ఎవరూ అడగలేదు, అంతే.

కానీ ఒక్క ఎత్తు చాలదు. జూన్‌లో సరిపోయింది డిసెంబరులో సరిపోదు, ఎండ వాలు మారుతుంది. నన్నడిగితే, గోడమీద ఫ్యాను రెగ్యులేటర్ లాంటి గుబ్బ ఉండాలి. ఒకటి అంటే మూత, అయిదు అంటే పూర్తిగా తెరవడం. తిప్పితే టక్కున వేలికి తెలుస్తుంది, కళ్ళజోడు అక్కర్లేదు. ఇదేమీ గొప్ప కోరిక కాదు. గొట్టం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకునే మోటార్లు ఇప్పటికే ఉన్నాయి. ఆ గుబ్బ కూడా కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో ఉండాలి. కరెంటు పోతే ఒక్కసారైనా ఎత్తడానికి చిన్న బ్యాటరీ ఉండాలి.

"ఇవన్నీ ఎందుకు? వెలుతురు కొలిచే సెన్సర్ పెడితే తెర తనంతట తానే సర్దుకుంటుంది" అంటాడు అన్న. ప్యారిస్‌లో అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్ అనే భవనం ఉంది, 1987లో తెరిచారు. దాని దక్షిణపు గోడకు 240 లోహపు జాలీలు. వెలుతురును బట్టి కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునేలా చేశారు. చూడటానికి అద్భుతం. కొన్నేళ్ళకు చాలావరకు కదలడం మానేశాయి, 2017లో మళ్ళీ బాగుచేయాల్సి వచ్చింది. సరే, మన సెన్సర్ చెడిపోదనే అనుకుందాం. ఎండ ఎంతుందో అది కొలుస్తుంది. నాలుగింటికి పూలమ్మే ఆమె వస్తుందని దానికెట్లా తెలుస్తుంది?

మనం ఆర్ట్స్ వాళ్ళం, మోటార్లు ఇంజనీరింగ్ వాళ్ళ పని అనుకుంటాం. కానీ 'ఇది ఎవరి చేతిలో ఉండాలి' అనే ప్రశ్నకు మోటారు విప్పితే జవాబు దొరకదు. అది మనమూ అడగాల్సిందే. ఈ ఆదివారం మీ ఇంట్లో కొత్తగా వచ్చిన వస్తువు ఏదైనా, రిమోట్ మీ అవ్వ చేతికో అమ్మమ్మ చేతికో ఇచ్చి పక్కన కూర్చోండి. నేర్పించకండి, ఊరికే చూడండి. ఆమె వేలు ఎక్కడ ఆగిపోయిందో వచ్చి ఈ కాగితం కింద రాయండి.

— ద్వితీయ సంవత్సరం బి.ఏ. విద్యార్థిని