జవాబు వచ్చింది, హిసాబ్ రాలేదు



పార్లమెంటు నడిచే రోజుల్లో లోక్‌సభలో విదేశాంగ శాఖ వంతు శుక్రవారం వస్తుంది. పొద్దున 11 గంటలకు క్వశ్చన్ అవర్. మన ఇళ్లలో గుస్ల్ చేసి, ఇస్త్రీ చేసిన కుర్తా తొడుక్కుని జుమాకు తయారయ్యే పూటనే, ఢిల్లీలో వజీరే ఖారిజా లేచి నిలబడి మన బిడ్డల గురించి జవాబు చెప్తుంటారు. రియాద్‌లో జీతం ఆగిపోయినవాడి గురించి, కువైట్‌లో ఇంటిపనికి పోయి ఫోన్ ఎత్తని ఆమె గురించి, రష్యా ఫౌజులో ఇరుక్కున్న కుర్రాడి గురించి. ఆ జవాబులు మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పెడతారు. మన మహల్లాలో ఒక్కరైనా తీసి చదువుతున్నారా?

చదవాలి భాయ్. నాలుగైదేళ్ల జవాబులు వరసగా చదివితే అవన్నీ మూడు మాటల చుట్టూ తిరుగుతాయని తెలుస్తుంది: ఇమ్దాద్, నౌకరీ, హిఫాజత్. మూడింటి గురించీ హుకూమత్ తాను ఏమేం చేసిందో చెప్తుంది. ఎంతమందికి అందలేదో, ఎందుకు అందలేదో అడిగితే తప్ప చెప్పదు. తెలుగువాళ్లు రోజూ వాడే 'జవాబు' మన జబాన్ నుంచి పోయిందే, 'జవాబుదారీ' కూడా. పార్లమెంటులో మనకు మొదటిది దొరుకుతోంది. రెండోది ఇంకా బాకీ ఉంది. నా షికాయత్ అంతా ఈ బాకీ గురించే.

ఇమ్దాద్ ఎవరి పైసా?

గల్ఫ్‌లో కష్టంలో పడ్డవాళ్లకు ఏం సాయం చేస్తున్నారని ఏ ఎంపీ అడిగినా, జవాబులో ఒక పేరు తప్పకుండా వస్తుంది: ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్. 2009లో పెట్టారు, 2017లో నిబంధనలు పెంచారు. రోడ్డున పడ్డవాడికి కొన్నాళ్లు తిండి, పడక, ఇంటికి టికెట్, కోర్టులో వకీలు, మయ్యత్ ఇంటికి చేర్చే ఖర్చు, అన్నీ దీని నుంచే. మంచి ఫండే, కాదనను. ఎంతోమంది దీనివల్ల ఇంటికొచ్చారు.

కానీ ఆ పైసా ఎక్కడిది? విదేశాల్లో మన ఎంబసీలకు పోయి పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నప్పుడు, కాగితం మీద ముద్ర వేయించుకున్నప్పుడు ఫీజు మీద ఇంకొంచెం వసూలు చేస్తారు. ఆ కొంచెం కొంచెం కలిస్తే ఈ ఫండ్. అంటే దమ్మామ్‌లో సిమెంటు మోసే కరీంనగర్ మజ్దూర్, కువైట్‌లో అంట్లు తోమే కడప బహెన్ కూడా చందా వేసిన డబ్బా ఇది. అదే డబ్బాలోంచి తీసి ఇచ్చేటప్పుడు మాత్రం ‘అర్హులైన వారికి, ఆర్థిక స్థితిని పరిశీలించి’ అంటారు. ఖైరాత్ ఇచ్చేవాడి జబాన్ అది. అమానత్ దాచుకున్నవాడు అట్లా మాట్లాడడు, లెక్క చూపిస్తాడు. ఏ ఎంబసీలో ఎంత జమ అయింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఎన్ని అర్జీలు తిరగ్గొట్టారు? ఈ నాలుగూ ఏటేటా ఒక్కచోట చూపాలి. అది మన హక్కు.

ఇన్సూరెన్సు సంగతీ ఇంతే. పదో తరగతి పాస్ కాని మజ్దూర్ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. పడుతుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు నౌకరీకి పోవాలంటే వాడికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి, దానికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోతే, లేదా శాశ్వతంగా అపాహజ్ అయితే 10 లక్షలు. వినడానికి బాగుంది. అయితే ‘ప్రమాదం’ అనే మాట దగ్గర ఆగండి. రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవకపోతే అది ప్రమాదం కాదు. ఎండలో పని చేసి చేసి గుండె ఆగితే డెత్ సర్టిఫికెట్ మీద సహజ మరణం అని రాస్తారు. గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల్లో ఎక్కువ భాగం ఈ కాగితంతోనే వస్తాయి. ఆ బేవాకు ఈ బీమా నుంచి 10 లక్షలు రావు.

2014 నుంచి 2019 నవంబర్ వరకు ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 34 వేల మంది భారతీయులు చనిపోయారని హుకూమత్ లోక్‌సభకు చెప్పింది. రోజుకు 15 మయ్యత్‌ల లెక్క. ఇంత పెద్ద సంఖ్య సభలో పెట్టాక తర్వాతి సవాల్ తప్పకుండా రావాలి: వీళ్లలో ఎంతమందికి బీమా ఉంది, ఎన్ని ఇళ్లకు ఆ 10 లక్షలు చేరాయి, ముప్ఫై నలభై ఏళ్ల మర్దుల గుండెలు ఎందుకు ఆగుతున్నాయి?

కేంద్రం ఖజానాకు ఇది మోయలేని బోజ్ అంటారా? గల్ఫ్‌లో చనిపోయిన మజ్దూర్ ఖాందాన్‌కు 5 లక్షలు ఇస్తామని 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ హుకూమత్ జీవో ఇచ్చింది, 2023 డిసెంబర్ 7 నుంచి జరిగిన మౌత్‌లకు వర్తించేట్టు. ఒక రాష్ట్రం ఇవ్వగలిగినప్పుడు, 2024లో విదేశాల నుంచి దాదాపు 129 బిలియన్ డాలర్లు పంపిన మజ్దూర్లున్న ముల్క్ ఎందుకు ఇవ్వలేదు? ప్రపంచంలో ఏ దేశానికీ అంత డబ్బు రాలేదని సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. పంపినవాడి ఇంట్లో మౌత్ అయినప్పుడు మాత్రం ఆ గర్వం కనబడదు.

నౌకరీ ధర ఎవరు తగ్గించారు?

రెండో మాట నౌకరీ. 2020 సెప్టెంబర్‌లో, కోవిడ్ కాలంలో, జరిగింది మనలో చాలామందికి తెలియదు. ఏ దేశంలో ఏ పనికి ఇంతకంటే తక్కువ జీతానికి మనిషిని పంపకూడదని కేంద్రం ఒక హద్దు పెడుతుంది. దాన్ని మినిమమ్ రిఫరల్ వేజెస్ అంటారు. గల్ఫ్ దేశాలకు ఆ హద్దును మన హుకూమతే సర్క్యులర్లతో 30 నుంచి 50 శాతం దించేసింది. మన నౌకరీలు కాపాడటానికే అని జవాబు చెప్పారు.

దీని అర్థం ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. అసలు జీతం తగ్గితే ఓవర్‌టైమ్ తగ్గుతుంది, నౌకరీ ముగిసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ తగ్గుతుంది. దలాల్‌కు ఇచ్చిన ఖర్జ్ మీద వడ్డీ మాత్రం పైసా తగ్గదు. పసీనా ఆరకముందే మజ్దూరీ చేతిలో పెట్టమని నేర్పిన నబీ ఉమ్మత్ మనది. ఇక్కడ పసీనా పుట్టకముందే, కఫీల్ అడగకముందే మజ్దూరీ కోశారు. తెలంగాణ హైకోర్టులో మజ్దూర్ల తరఫున పిల్ పడ్డాక, 2021 జూలైలో ఆ సర్క్యులర్లు వాపస్ తీసుకున్నారు. పాత హద్దు తిరిగొచ్చింది. ఆ పది నెలల్లో తక్కువ జీతానికి కాంట్రాక్టు మీద దస్తఖత్ పెట్టి పోయినవాళ్ల నుఖ్సాన్ ఎవరు కట్టిచ్చారు?

ఇక దలాల్‌లు. రిజిస్టరైన ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, ఇంతకు మించి తీసుకోకూడదు. మన బస్తీల్లో లక్షల్లో వసూలు చేస్తున్నారని అందరికీ తెలుసు. 3 వేలకు పైగా దొంగ ఏజెంట్ల పేర్లు గుర్తించి ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో పెట్టామని వజీర్‌లు చెప్తారు. మరి వాళ్లు జైల్లో ఎందుకు లేరంటే, పోలీసు రాష్ట్రం చేతిలో ఉంది, ఫిర్యాదు పంపాం అంటారు. రాష్ట్రం పోలీసును అడిగితే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేసు నడపాలంటే కేంద్రం ఇజాజత్ కావాలంటారు. రెండూ కాగితం మీద సచ్చే. ఈ రెండు సచ్‌ల మధ్యలోంచి దలాల్ బయటికి నడిచి, పేరు మార్చి ఇంకో గల్లీలో బోర్డు పెడతాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తు పెట్టుకోండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. మోసపోయినవాడు తానే, లేదా వాడి తరఫున అమ్మో అబ్బో భార్యో ఫిర్యాదు చేస్తే ఆ కేంద్రం ఇజాజత్ అక్కర్లేదని అదే చట్టంలో ఉంది. ఠాణాలో ఎవరైనా ఢిల్లీ పేరు చెప్పి వెనక్కి పంపితే ఈ మాట అడగండి. ఆ చట్టం స్థానంలో కొత్తది తెస్తామని 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకో ముసాయిదా బయటపెట్టి జనం రాయ్ అడిగారు. ఆ రాయ్‌లు ఇచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఇంతెజార్ చేశారు.

హిఫాజత్ ఎక్కడ మొదలవుతుంది?

రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ నౌకరీ అని నమ్మి పోయిన హైదరాబాద్ కుర్రాడి మౌత్ ఖబర్ 2024 మార్చిలో వచ్చింది. చేతికి తుపాకీ ఇచ్చి జంగ్‌లోకి నెట్టారు. దానికి ముందే, 2024 మొదట్లో, అక్కడ చిక్కినవాళ్లను తీసుకురమ్మని అసదుద్దీన్ ఒవైసీ సాబ్ వజీరే ఖారిజాకు ఖత్ రాశారు. ఆ ఏడు ఆగస్టు 9న, అదీ శుక్రవారమే, జైశంకర్ గారు లోక్‌సభలో జవాబు చెప్పారు: 91 మంది చేరారు, 8 మంది చనిపోయారు, 14 మంది బయటపడ్డారు, 69 మంది ఇంకా ఎదురుచూస్తున్నారు. ప్రధాని స్వయంగా పుతిన్‌తో మాట్లాడారనీ, సీబీఐ 19 మంది వ్యక్తులు, సంస్థల మీద కేసు పెట్టిందనీ చెప్పారు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే అది దాటవేసే జవాబు కాదు, సంఖ్యలున్న జవాబు.

ఐదు నెలల తర్వాత, 2025 జనవరిలో, అదే శాఖ లెక్క 126కు చేరింది. 12 మంది మౌత్, 16 మంది లాపతా, 96 మంది వాపస్. పెరిగిన 35 మంది ఆగస్టు తర్వాత పోయినవాళ్లా, లేక అప్పటికే ఖందకాల్లో ఉండి లెక్కకు రానివాళ్లా? ఏదైనా సరే, ఆగస్టు జవాబులో వాళ్లు లేరు. హుకూమత్ లెక్కలోకి రానివాడు హుకూమత్ హిఫాజత్‌లోకీ రాడు. పది పాస్ అయిన మన కుర్రాడు గల్ఫ్ పోతే క్లియరెన్సు అక్కర్లేదు, బీమా తప్పనిసరి కాదు. క్లియరెన్సుల లెక్క చదివి ఇంతమంది పోయారని సభలో చెప్తే అందులో వాడు లేడు. విజిట్ వీసా మీద పోయే ఆడబిడ్డ కూడా లేదు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో మజ్దూర్లు ఉండే ఇమారత్ కాలిపోయింది. 45 మంది భారతీయుల మయ్యత్‌లను వైమానిక దళం జహాజ్‌లో కొచ్చి తెచ్చారు, వాళ్లలో ఆంధ్రవాళ్లు ముగ్గురు. సహాయ వజీర్ కువైట్ పోయారు, ఒక్కో ఖాందాన్‌కు 2 లక్షలు ప్రకటించారు. అంతా త్వరగా చేశారు. మంటకు ముందు ఏం చేశారన్నదే అసలు సవాల్. మన మజ్దూర్లు పడుకునే క్యాంపుల్లో ఒక్కో గదికి ఎంతమంది, బయటికి దారి ఉందా అని ఎంబసీ నుంచి ఏడాదికి ఎన్నిసార్లు పోయి చూశారు? అది కూడా జవాబులో ఉండాల్సిన అంకే.

‘పరాయి ముల్క్‌లో మన హుకుం నడుస్తుందా?’ అని మనలోనే కొందరు అంటారు. మాట వాజిబే. సౌదీ ఖానూన్ ఢిల్లీలో రాయరు. 2015లో యెమెన్ జంగ్ మధ్యలోంచి 4,600 మందికి పైగా మనవాళ్లను తెచ్చిన హుకూమత్‌కు షుక్రియా చెప్పడానికి నాకు సంకోచం లేదు. కానీ నేను పైన అడిగినవి మళ్లీ చూడండి. ఫండ్ లెక్క, బీమా షరతు, జీతం హద్దు, దలాల్ మీద కేసు, ఎవరెవరు పోతున్నారన్న రికార్డు. వీటిలో ఒక్కదానికీ ఏ బాద్షా ఇజాజత్ అక్కర్లేదు. అన్నీ మన ముల్క్‌లో, మన కాగితం మీద జరిగేవే. ఈ పనులకే 2004లో వేరే మంత్రిత్వ శాఖ పెట్టి, 2016 జనవరిలో దాన్ని విదేశాంగ శాఖలో కలిపేశారు. కేరళ మాత్రం 1996లో పెట్టుకున్న నోర్కాను వదల్లేదు. అక్కడి జనం అడగడం మానలేదు కాబట్టే.

మన వంతు

ఇప్పుడు మన లీడర్ సాబ్‌లకూ రెండు మాటలు. మయ్యత్ వచ్చిన రోజు ఎయిర్‌పోర్టులో కార్గో గేటు దగ్గర ఫోటో దిగడం ఖిద్మత్ కాదు. మస్జిద్ కమిటీలు జుమా తర్వాత రుమాలు పరిచి బేవా కోసం చందా చేస్తాయి, అల్లాహ్ కబూల్ చేయాలి. కానీ సదఖా ఇచ్చినంత మాత్రాన హక్కు మాఫ్ అవదు. మౌత్ అల్లాహ్ చేతిలో ఉందన్నది మన ఈమాన్. మండుటెండలో మనిషిని పిండినవాడిని తఖ్దీర్ పేరు చెప్పి వదిలేయడం ఈమాన్ కాదు.

రెండు తెలుగు రాష్ట్రాలకు లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది ఎంపీలున్నారు. ఎవరైనా 15 రోజుల ముందు నోటీసు ఇచ్చి సవాల్ వేయొచ్చు. అరవై మందిలో ఒక్కొక్కరు సెషన్‌కు ఒక్క సవాల్ వేసినా చాలు. గల్ఫ్ మౌత్‌లలో మన రాష్ట్రాలవి ఎన్ని, వయసెంత, కారణమేంటి? బీమా ఎంతమందికి అందింది, ఎన్ని తిరగ్గొట్టారు? జీతం రాలేదన్న ఫిర్యాదుల్లో రూపాయలు చేతికొచ్చినవి ఎన్ని? మదద్ పోర్టల్‌లో ‘పరిష్కారమైంది’ అంటే జీతం దొరికిందా, లేక కఫీల్‌కు ఖత్ రాసి ఫైలు మూశారా? దలాల్‌ల మీద కేసుకు మన పోలీసులు ఎన్నిసార్లు ఇజాజత్ అడిగారు, ఎన్నిసార్లు దొరికింది?

ఈ ఐదు సవాళ్లు ఒక కాగితం మీద రాసి, మహల్లాలో గల్ఫ్ పోయినవాళ్ల ఖాందాన్‌ల దస్తఖత్‌లతో మీ ఎంపీ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు వచ్చాక చదువుకున్న పిల్లలతో తెలుగులోకి, ఉర్దూలోకి రాయించి మస్జిద్ నోటీసు బోర్డు మీద పెట్టించండి. అందులో అంకెలు ఉంటే దాచుకోండి, లేకపోతే వచ్చే సెషన్‌కు అదే సవాల్ మళ్లీ పంపండి.

దువా కూడా చేద్దాం. అర్జీ ఇచ్చి వచ్చాక చేద్దాం.