జాబితాలకెక్కని ఖరగ్‌పూర్

న్యాయవాద వృత్తి నియంత్రణలో సంస్కరణల మాట వస్తే ఈమధ్య వినిపించేది ఒకటే వాదన: ఫీజు తగ్గింది, నియమం అందరికీ ఒకటే, ఇక బడుగు వర్గాలకు లోటేమిటి? ఈ వాదన తప్పు. నియమం ఒకటే అయినంత మాత్రాన ఫలం అందరికీ ఒకేలా అందదు.

ఆ వాదన 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆసరా చేసుకుంటుంది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం 24వ సెక్షన్ ప్రకారం నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. రాష్ట్ర బార్ కౌన్సిళ్లు మాత్రం వేలకు వేలు గుంజుతూ వచ్చాయి. ఆ వసూళ్లు బడుగుల పిల్లలను వృత్తి గడప తొక్కనివ్వడం లేదని, అది సమానత్వానికే విరుద్ధమని కోర్టు తేల్చింది. మంచి తీర్పు. దాన్ని చూపించి పని పూర్తయిందనడమే దారుణం.

125 రూపాయల రాయితీ ఫీజు వర్తించాలంటే కుల ధ్రువీకరణ పత్రం చూపించాలి. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో అసలు చిక్కు అక్కడే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు వర్క్‌షాపులోనూ, లైన్ల మీదా, యార్డులోనూ తరాల తరబడి చాకిరీ చేశాయి. వాళ్లలోని మాల, మాదిగ కులాలు ఆంధ్రప్రదేశ్ ఎస్సీ జాబితాలో ఉన్నాయి, పశ్చిమ బెంగాల్ జాబితాలో లేవు. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదీ తెలుగు కుటుంబం కథే: తండ్రికి ఎస్టీ కోటాలో ఉద్యోగం వచ్చింది, బొంబాయిలో కొడుకు మెడికల్ సీటు దగ్గరికి వచ్చేసరికి ఆ హోదా చెల్లలేదు. 2018లో బీర్ సింగ్ కేసులోనూ రాష్ట్రాల విషయంలో అదే సూత్రం నిలిచింది. రైల్వే కేంద్ర సర్వీసు కాబట్టి తండ్రి కులం అక్కడ లెక్కకొస్తుంది. అదే ఊళ్లో పుట్టి పెరిగిన కూతురు బెంగాల్ లా కాలేజీలో రాష్ట్ర కోటా అడిగితే లెక్కకు రాదు. ఫీజు ఎంత తగ్గించినా ఈ అమ్మాయికి ఒరిగేదేమిటి?

కక్షిదారు సంగతి ఇంకా ఘోరం. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. హక్కు ఉంది, నిజమే. భర్త పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేయమని నోటీసు అందుకున్న ఆడమనిషి దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, కాంసావతి దాటి మేదినీపూర్ కోర్టుకు వెళ్తుంది. నోటీసు ఇంగ్లీషులో, ముహురీ (వకీలు గుమాస్తా) మాట బెంగాలీలో, ఆమె గోడు తెలుగులో. వకాల్తా మీద వేలిముద్ర వేసి తిరిగొస్తుంది. తన తరఫున ఏం రాశారో ఆమెకు తెలియదు. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఆ హోదా కోర్టు వరండా దాకా రాకపోతే ఆమెకు ఎందుకు పనికొస్తుంది?

ఇవన్నీ ముందే చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలని, ప్రాథమిక హక్కుల మీద, బతుకుతెరువు మీద పడే ప్రభావం అంచనా వేయాలని 2014 నాటి కేంద్ర విధానం చెబుతోంది. అడ్వొకేట్ల సవరణ బిల్లు ముసాయిదాకు 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన గడువు పక్షం రోజులే. వకీళ్లు రోడ్డెక్కితే వెనక్కి తీసుకున్నారు. గొడవ ప్రధానంగా సమ్మెల నిషేధం, బార్ కౌన్సిల్‌లో కేంద్రం నామినేట్ చేసే సభ్యుల చుట్టూ తిరిగింది. వకీళ్ల కోపం న్యాయమైనదే, కానీ కక్షిదారు గురించి అంత గట్టిగా అరిచిందెవరు? బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ నిర్ణయాలు జాతి, లింగం, వైకల్యం వంటి వాటి దృష్ట్యా ఎవరిని ఎలా తాకుతాయో చూడాలి. ఇక్కడా అలాంటి బాధ్యత చట్టంలోకి రావాలి. ఆ లెక్కలో వలస వచ్చిన దళితులు, పొరుగు భాషవాళ్లు విడిగా కనిపించాలి.

అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఉచిత న్యాయ సహాయ ప్యానెల్ జాబితాలో ప్రతి వకీలు పేరు పక్కన ఆయనకు ఏయే భాషలు వచ్చో రాసి, ఆ కాగితాన్ని ఖరగ్‌పూర్‌లో తెలుగులో అంటించవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.