ఆగని దృశ్యం, మరుగైన తెర

1966లో క్రిస్మస్ ముందు రాత్రి న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఐఎక్స్ టెలివిజన్ కేంద్రం ఒక పొయ్యిలో మండుతున్న దుంగను మాత్రమే మూడు గంటలపాటు ప్రసారం చేసింది. ఇంట చలిమంటకు తావులేని నగరవాసులకు అది పండుగ కానుక. నాటి ఆ ముచ్చటే నేడు అనేక గృహాలలో నిత్యకృత్యమైంది. హిమశిఖరాలు, అడవిలో వర్షం, ఋషీకేశంలో గంగాప్రవాహం ప్రాతఃకాలం మొదలు శయనవేళ వరకు టీవీలో సాగుతూనే ఉంటాయి. ప్రశాంతత కోసమన్నది సాధారణంగా వినవచ్చే సమాధానం.

దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. మంచం పట్టిన వృద్ధురాలికి, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ తప్ప ఆకాశం కానరాని గృహస్థునికి ఆ గంగ కొంత ఊరటే. వార్తాచానళ్ల వాగ్యుద్ధాల కంటే అది సాత్త్వికమనడంలోనూ సందేహం లేదు.

అయితే ఆ దృశ్యాన్ని చూసేవారెవరు? కూరలు తరుగుతూ, ఫోనులో సంభాషిస్తూ, లెక్కలు చూసుకుంటూ ఉండగా నది తన మానాన తాను పారుతుంది. ధ్యానానికి ఆలంబనం కాదగిన రూపం గోడకు వేసిన రంగుతో సమానమవుతుంది. ఇట్లు పట్టించుకోకపోవడాన్ని వైరాగ్యమనో, ప్రత్యాహారమనో భ్రమపడే ప్రమాదం ఉన్నది. ప్రత్యాహారంలో ఇంద్రియాలు విషయాల నుండి మరలి చిత్తాన్ని అనుసరిస్తాయి. ఇక్కడ కన్ను, చెవి విషయంలోనే ఉంటాయి, చిత్తం వేరొక విషయంలో తిరుగాడుతుంది. దీని పేరు విక్షేపం.

రమణ మహర్షి ఆత్మను సినిమా తెరతో పోల్చేవారు. బొమ్మలోని అగ్నికి తెర కాలదు, బొమ్మలోని వరదకు తెర తడవదు. కాని ఆట ఆగినప్పుడు గదా తెర ఉన్నదన్న సంగతి సులభంగా తెలిసేది! నది ముగియగానే అడవి, అడవి ముగియగానే వర్షం. నడిమి విరామాన్ని సైతం యంత్రమే పూరిస్తుంది. అసలు వ్యాధి బహుశః ఆ విరామాన్ని భరించలేకపోవడమే. ఇంట నిశ్శబ్దం అడుగుపెట్టగానే ఏదో లోపించినట్లు తోచి చేయి రిమోట్‌ను వెదకుతుంది. మౌనంతోనే ఉపదేశించే దక్షిణామూర్తిని కొలిచే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

ఒకే దృశ్యాన్ని చూస్తుండటం దోషమని దీని భావం కాదు. 1896లో అరుణాచలం చేరిన మహర్షి 1950లో దేహం చాలించేవరకు ఆ కొండను విడువలేదు. 54 సంవత్సరాలు! అయితే ఆయన దానిని నేపథ్యంగా ఉంచుకోలేదు. దాని చుట్టూ ప్రదక్షిణ చేశారు, దానిపై స్తోత్రాలు రచించారు, అక్కడి పొదలో కందిరీగల తుట్టెకు కాలు తగిలినప్పుడు కదలక కుట్టించుకున్నారు. తెరపైని అరుణాచలానికి శబ్దం, రూపం తప్ప స్పర్శ లేదు, గంధం లేదు.

గంగాదర్శనం కోరే సాధకుడు పనులు మాని పది నిమిషాలు ఆ దృశ్యం ఎదుట కూర్చొని, పిదప టీవీ కట్టివేయవచ్చు. క్లిష్టమైన భాగం ఆ తరువాతిది: వెంటనే లేచిపోక, నల్లబడిన తెర ముందు మరికొంతసేపు ఉండటం. మొదట ఫ్రిజ్ రొద వినిపిస్తుంది. కొంతసేపటికి వీధిలో కూరగాయల బండివాని కేక.